కుండ మీద మూత

గంగారం అడవి తండా,
హోళికి ముందు పక్షం, 1988.

చిరంజీవి చత్రుకు మీ బాపు మంగ్యా రామ్‌రామ్ చెప్పి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ యాడి, పశువులు అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావని నీ పటాలంలోని సంజీవ నోటితో చెప్పాడు. నీ ఉత్తరం చదివాక ఆ మాటలో సగమే నమ్మాను. మిగతా సగం కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. పోస్టులో వేస్తే మీ దగ్గర విప్పి చదువుతారట కదా, అందుకని వేయడం లేదు. సంజీవ తిరిగి డ్యూటీకి పోయే రైలు మానుకోటలో ఆగుతుంది. స్టేషన్‌కు నేనే పోయి అతని చేతిలో పెడతాను.

సంజీవ వచ్చిన సంగతి ముందు చెప్తాను. సెలవు మీద ఇంటికి వచ్చినవాడు, రఘునాథపల్లి నుంచి ఇంత దూరం నీ ఉత్తరం ఇవ్వడానికే వచ్చాడు. మానుకోట దాకా రైలు, తర్వాత బస్సు, చివరికి కాలినడక. మన కుక్కలు అతన్ని వాగు దగ్గరే ఆపేశాయి. సైనికుడు కదా, పరుగెత్తకుండా కదలకుండా నిలబడ్డాడు. మీ యాడి పోయి కుక్కల్ని తిట్టి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కన్నతల్లి కదా, కూర్చోబెట్టకముందే మొదలుపెట్టింది.

"మావోడు తింటుండా బిడ్డా?"

"తింటుండు అవ్వా. చపాతీ, పప్పు. ఆదివారం మేక కూర."

"చపాతీ గూడ తిండేనా. జొన్నరొట్టె లేదా మీ మిలట్రీల?"

"లేదవ్వా."

"గంత పెద్ద సర్కారు, జొన్నలు కొనరాదా."

సంజీవ నవ్వాడు. అన్నం పెడితే బాగా తిన్నాడు. కాల్పులు అవుతున్నాయా అని మీ యాడి అడిగితే ఇంటి కప్పు వంక చూసి, "అప్పుడప్పుడు" అన్నాడు. నేనేమీ అడగలేదు. మన ఇంట్లో కూడా అతను గోడకు వీపు ఆనించి, వాకిలి మొత్తం కనిపించేటట్టు కూర్చున్నాడు. ఒకప్పుడు నేనూ అలాగే కూర్చునేవాణ్ణి. అతను అలా కూర్చున్నాక ఇంక అడగవలసింది ఏముంది?

నువ్వు అడిగినవాటికి జవాబు. తెల్లావు ఈనింది, ఆడదూడ. మీ అక్క నీలి, పిల్లలు భూపాలపల్లిలో బాగున్నారు. హోళికి వస్తామని కబురు పంపారు. మీ చిన్నాయన టీక్యాకు దగ్గు తగ్గింది, మాటలు తగ్గలేదు. మొక్కజొన్న చేనిలో అడవిపందులు పడ్డాయి. మంచె మీద నేను కూర్చుంటే రావు, టీక్యా కూర్చుంటే వస్తాయి. అడవిలో ఇప్పటి పిల్లల తిరుగుడు, వాళ్ళ వెనక పోలీసుల తిరుగుడు నీకు తెలిసినవే. మన ఇంటికి ఇబ్బంది లేదు.

ఇక అసలు విషయం. నువ్వు ఇలా రాశావు. సముద్రం అవతలి ఆ దీవిలో మీరు వేలమంది ఉన్నారు, ట్యాంకులున్నాయి, పైన హెలికాప్టర్ తిరుగుతుంది. మీతో కొట్లాడేవాళ్ళు పిడికెడుమంది, కాళ్ళకు రబ్బరు చెప్పులు. అయినా దారి వాళ్ళదే. నీ పక్క మంచం మీద పడుకునే పిల్లవాడు తాటితోపు దగ్గర మందుపాతర మీద కాలు పెట్టి పోయాడు. అది పెట్టినవాడి ఇల్లు మీ క్యాంపు పక్క ఊళ్ళోనే ఉంది. వాడి పెళ్ళాం మాత్రం మొగుడు చచ్చిపోయాడంటుంది. నొసట బొట్టు లేదు, మెడలో తాళి లేదు. మీ సుబేదారు నమ్మడు. ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ సోదాకు పోతున్నావు. "బాపూ, నువ్వు గుట్టల్ల ఉన్నోనివి, ఉత్తగ సచ్చినోనివి. నిజంగ మొగుడు పోయిన ఆడిదా కాదా, ఎట్ల తెలుసుకోవాలె? వాడు దొరికితే నేను ఇడిచిపెట్ట." ఇవి నీ మాటలు. చాలాసార్లు చదివాను.

నువ్వు అడగవలసినవాణ్ణే అడిగావు. నాకు ఈ పని తెలుసు. అక్షరాలు కూడా ఆ పనిలో ఉండగానే వచ్చాయి. దళంలో ఒక పంతులు బండ మీద బొగ్గుతో రాసి నేర్పాడు. మన లంబాడీ మాటకు రాత లేదు కాబట్టి నీకు తెలుగులో రాస్తున్నాను.

మొదట ఇది తెలుసుకో. బలం తక్కువున్నవాడు జాగా కోసం కొట్లాడడు. ఊరు కావాలా, తీసుకో అంటాడు. రోడ్డు, కచేరీ, బంగళా అన్నీ వదిలేస్తాడు. పెద్ద సైన్యం ఎంత జాగా పట్టుకుంటే అంతమందిని కాపలా పెట్టాలి. కాపలా ఉన్నవాడికి తిండి కావాలి, నీళ్ళు కావాలి. తిండి బండి ఒకే దారిన వస్తుంది, నీళ్ళకు ఒకే బావికి పోతారు. వాళ్ళు బంగళాలో కూర్చుని గెలిచామనుకునేవారు. మేం బావి దారిలో పొదల వెనక కూర్చునేవాళ్ళం. అందుకే చెప్తున్నాను, నిన్న కూర్చున్న నీడలో ఇవాళ కూర్చోకు. పోయిన దారిన తిరిగి రాకు. సుబేదారు దగ్గర దారి అని చూపిస్తే, కడుపునొప్పి అని చెప్పి అయినా వెనక్కి జరుగు.

మేం తిన్నచోట పడుకునేవాళ్ళం కాదు. అడుగుజాడ కనపడితే వెంటబడతారని, మేం పోయిన దారి మీదుగా మీ చిన్నాయన పశువుల మందను తోలుకొచ్చేవాడు. అన్ని డెక్కల కింద మా అడుగులు ఏం కనిపిస్తాయి? వాళ్ళు వచ్చి టీక్యాను అడిగేవారు, ఇటు ఎవరైనా పోయారా అని. "పోయిండ్రు సాబ్, గీ ఎద్దులు పోయినయి" అనేవాడు. ఒకసారి దెబ్బలు కూడా తిన్నాడు. ఇప్పటికీ వాన పడితే ఆ భుజం చూపించి నన్ను తిడతాడు.

మీ యాడి ఎర్ర లంగా ఇంటి ముందు చెట్టు మీద ఆరేసి ఉంటే సైన్యం ఊళ్ళో ఉన్నట్టు, రావద్దని. ఒకసారి మేం ఆకలితో దిగి వస్తుంటే లంగా కనపడింది. ఆకులు నములుతూ గుట్ట మీదే ఉండిపోయాం. మరునాడు చూస్తే ఊళ్ళో సైన్యం లేనే లేదు. అడిగితే, "మీ కొట్లాటకు నేను బట్టలు గూడ ఉతుక్కోవద్దా?" అంది. ఆ తర్వాత ఉతికిన లంగా ఇంటి వెనక, కబురు లంగా ఇంటి ముందు అని ఒప్పందం చేసుకున్నాం.

ఇంకొకటి, తుపాకి గొట్టానికి మసి పూసేవాళ్ళం. దీపం మసి, ఆముదం కలిపి పట్టిస్తే ఎండకు మెరవదు. ఆ పని దళంలో నాది. నేను పట్టించిన తుపాకిని శత్రువు ఎన్నడూ చూసి ఎరగడు. ఈ సంగతి మీ అందరికీ చిన్నప్పటి నుంచి చెప్పిందే.

నేను "చచ్చిన" సంగతి కూడా నీకు తెలిసిందే, అయినా మళ్ళీ చెప్తాను. దాంట్లో చెప్పనిది ఒకటి ఉంది. నా పేరు వాళ్ళకు అందింది. ఇంటి మీదికి పదేపదే రాసాగారు. అప్పుడు తండా పెద్ద నాయక్, మీ యాడి, టీక్యా కూర్చుని నన్ను చంపేశారు. జ్వరంతో అడవిలో పోయానని, అక్కడే పూడ్చామని చెప్పారు. టీక్యా గుండు చేయించుకున్నాడు. దినాలకు మేకను కోశారు. నా దినాల కూర మోదుగాకులో కట్టి వాడే గుట్టకు తెచ్చాడు, నేనే తిన్నాను. ఉప్పు తక్కువైందంటే, "సచ్చినోనికి ఉప్పు ఎందుకు?" అన్నాడు.

మీ యాడి జడలకున్న వెండి గజ్జెలు, ఆ ఘుగ్రీలు తీసేసింది. మోచేతుల పైన ఉండే ఎముక గాజులు తీసేసింది. ఆ గాజులు పెళ్ళినాడు వేస్తే మొగుడు పోయిననాడే తీస్తారు. తీసినవి మన తండాలో ఇంట్లో ఉంచుకోరు. మళ్ళీ వాటితో పని ఉండదు కదా. అక్కడే మీ యాడి పొరపాటు చేసింది. నేను బతికే ఉన్నాను కాబట్టి, తిరిగి వేసుకోవాలి కాబట్టి, వాటిని జొన్నల కుండలో అడుగున దాచింది. అంతటితో ఆగలేదు. ఎముక ఎండితే పగులుతుందని అప్పుడప్పుడు తీసి నూనె రాసేది. గుట్ట మీద ఉన్న నాకు ఆ సంగతి చెప్పింది కూడా. ఉండనీ అన్నాను. అది నా పొరపాటు.

ఒకరోజు పొద్దెక్కాక సైన్యం వచ్చింది. ఇళ్ళలో చీకటిగా ఉంటుందని కుండలన్నీ వాకిట్లోకి మోయించి వెతికారు. మన వాకిట్లోకి ఒక్క జవాను వచ్చాడు, మిగతావాళ్ళు పక్క ఇళ్ళలో ఉన్నారు. అతను జొన్నల కుండ మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాడు. గాజు తగిలింది, పైకి తీశాడు. మెరుస్తోంది. మీ యాడి చేతుల వంక చూశాడు. గాజులు ఉండిన మేర చర్మం తెల్లగా ఉంది. అతను ఎక్కడివాడో తెలుసా? రాజస్థాన్ వాడు. అక్కడి ఆడవాళ్ళూ ఇవే గాజులు చేతి నిండా వేస్తారట. మాట కూడా మన మాటకు దగ్గర. మన భాషలో అక్కను పిలిచినట్టే "బాయీ" అని పిలిచాడు. ఆ తర్వాత జరిగింది మీ యాడి ఎన్నోసార్లు చెప్పింది, అలాగే రాస్తున్నాను.

"బాయీ, ఇవి ఎవరియి?"

"నాయే."

"మొగుడేడి?"

"లేడు."

"లేనోని గాజులకు నూనె ఎందుకు రాస్తున్నవు?"

అంతలో బయటి నుంచి వాళ్ళ అధికారి ఏముందని కేక వేశాడు. "జొన్నలు" అని ఇతను జవాబిచ్చాడు. గాజు లోపల పెట్టి, అరచేత్తో జొన్నలు సమం చేసి, మూత పెట్టాడు. మంచినీళ్ళు అడిగి తాగి పోయాడు. మీ యాడి ఇప్పటికీ అతన్ని తమ్ముడు అనే అంటుంది. పేరు తెలియని తమ్ముడు.

ఆ కొట్లాట ఆపేసి నేను తిరిగొచ్చాక, చచ్చినవాడి పెళ్ళాం గాజులు మళ్ళీ ఎలా వేసుకుంటుందని తండాలో పంచాయితీ అయింది. పెళ్ళి మళ్ళీ చేయాలన్నాడు నాయక్. "చెయ్యుండ్రి గని గుండు మాత్రం మళ్ళ గీకియ్య" అన్నాడు టీక్యా. చేశారు. మేం ఒకరినొకరం రెండుసార్లు పెళ్ళి చేసుకున్నవాళ్ళం.

చత్రూ, ఇప్పుడు చెప్పనిది చెప్తాను. తండాలో ఆ కాలమంతటికీ రజాకార్ల కాలమనే పేరు. నువ్వు కూడా నేను దాక్కుంది రజాకార్లకే అనుకున్నావు. నేను దిద్దలేదు. రజాకార్లతో కొట్లాడింది నిజమే, అది జనగామ వైపు. రాజ్యం పోయి ఢిల్లీ సర్కారు వచ్చాక కూడా మేం తుపాకులు దించలేదు. దున్నుకున్న భూముల మీదికి దొరలు మళ్ళీ వస్తున్నారని దించలేదు. అప్పుడు మా మీదికి వచ్చింది నువ్వు జీతం తీసుకుంటున్న సైన్యమే. మేం జనగామ మైదానం వదిలి ఈ గుట్టల్లోకి వచ్చింది వాళ్ళ నుంచే. పైన నేను రాసిన బావి దారి, పశువుల మంద, ఎర్ర లంగా, అన్నీ నీ సైన్యం మీదనే. మన వాకిట్లో కుండలో చెయ్యి పెట్టిన జవాను నీలాంటివాడే, నీ వయసువాడే.

నువ్వు భర్తీకి వరంగల్ పోయి, ఛాతీ కొలిచి తీసుకున్నారని పరుగెత్తుకొచ్చిననాడు చెబుదామనుకున్నాను. జై తెలంగాణ లొల్లిలో బడులు మూతపడ్డ ఏడు పుట్టినవాడివి, చదువు సాగలేదు, ఉద్యోగం దొరికిందని సంబరపడుతున్నావు. అందుకని ఊరుకున్నాను.

ఇంకొకటి ఉంది. అది మీ యాడికి కూడా చెప్పలేదు. ఆ జవాను కుండలో చెయ్యి పెట్టినప్పుడు నేను ఎదురుగుట్ట మీద బండ చాటున ఉన్నాను. చచ్చినా మనిషికి తన వాకిలి చూసుకోవాలని ఉంటుంది. రైఫిల్ అతని వీపు మీద పెట్టాను. ఊరి దగ్గర కాల్చవద్దని దళంలో కట్టడి ఉంది, కాలిస్తే పగ ఊరి మీద తీర్చుకుంటారు. ఆ కట్టడి నాకు గుర్తుంది, అయినా పెట్టాను. అతను గాజు పైకి తీశాడు. నోరు తెరిస్తే కాలుద్దామని వేలు బిగించాను. అంతలో మీ యాడి నడుచుకుంటూ వచ్చి సరిగ్గా అతని వీపు వెనక నిలబడింది. నా కంటికి ఆమె తల తప్ప ఏమీ కనపడలేదు. ఈ ఆడమనిషికి నిలబడడానికి ఇంకో జాగా దొరకలేదా అని పళ్ళు కొరికాను. అతను నీళ్ళు తాగి పోయేదాకా ఆమె కదలలేదు.

ఇక్కడి దాకా రాసి ఆపాను. మీ యాడి రొట్టెలు చేస్తూ, రాసింది చదవమంది. నువ్వు పంపిన ఉత్తరాలు, నేను పంపేవి అన్నీ చదివి వినిపించడం మనింట్లో పద్ధతి. గుట్ట మాట దగ్గర దాటవేద్దామనుకున్నాను, కాని చదివాను. ఆమె రొట్టె తిప్పి, మెల్లగా అంది.

"నాకు ఎరుకే."

"ఏం ఎరుక?"

"నీ తుపాకి మెరిసింది. అందుకనే పోయి నిలబడ్డ."

"మసి పూసిన తుపాకి ఎట్ల మెరుస్తది?"

"ఎండకాలం. చెమటకు కారిపోయింది గావచ్చు. అద్దం మెరిసినట్టు మెరిసింది."

వాడు నిన్ను పట్టిస్తే ఏం చేసేదానివి అని అడిగాను.

"నన్ను ఒక్కదాన్ని తీసుకపోదురు. నువ్వు పేలిస్తే తండ మొత్తం కాలవెడుదురు. ఏది తక్కువ?"

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"పండుగకు నలుగురు కూసుంటే సాలు, మసి కథ చెప్తవు. టీక్యా ముంగట నీ మాట ఎందుకు తీసెయ్యాలె."

అందుకని పైన మసి గురించి రాసినదాన్ని కొట్టేయకుండా ఉంచాను. అక్కడ నా మాట నమ్మకు. మిగతావన్నీ నమ్ము.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. నిజంగా మొగుడు పోయినదా కాదా అని తెలుసుకోవడానికి గుర్తులు ఉన్నాయి. నాకు తెలుసు. రాయను. ఆ రాజస్థాన్ పిల్లవాడికి ఎవరూ రాసి పంపలేదు, అయినా తెలుసుకున్నాడు. నీకూ తెలుస్తుంది, బహుశా ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆమె మొగుడు ఎక్కడున్నాడో మాత్రం చెప్తాను. తన వాకిలి కనిపించేచోట ఉన్నాడు. అతన్ని వెతకాల్సిన పని నీకు లేదు. నువ్వు ఆ వాకిట్లో అడుగుపెట్టినప్పటి నుంచి అతను నిన్నే చూస్తున్నాడు. నీ చేతులు ఎక్కడ పడుతున్నాయి, ఆమెతో ఎలా మాట్లాడుతున్నావు, పిల్లలుంటే వాళ్ళను నెడుతున్నావా పక్కకు జరుపుతున్నావా, అన్నీ చూస్తున్నాడు. అన్ని ఇళ్ళలోనూ మీ యాడిలాంటిది వచ్చి వెనక నిలబడుతుందని అనుకోకు.

నీ పక్క మంచం పిల్లవాడు పోయిన బాధ నాకు తెలుసు. నా పక్కన పడుకున్నవాళ్ళూ పోయారు. మందుపాతర పెట్టినవాణ్ణి పట్టుకోవడం మీ సుబేదారు పని, పట్టుకుంటే పట్టుకోనీ. నీకు నేను అప్పజెప్పే పని వేరు. ఆ ఇంట్లో నీ చేతికి ఏమైనా తగిలితే, బయటి నుంచి ఎవరైనా కేక వేస్తే, ఏం చెప్పాలో నీకు తెలుసు. అది నీ ప్రాణానికే మంచిది. నేను ధర్మం చెప్పడం లేదు, గుట్ట మీద ఉన్నవాడి లెక్క చెప్తున్నాను. ఈ లెక్కలో నేను తప్పను.

నువ్వు తిరిగి వస్తావు. నాకు అనుమానం లేదు. జాగ్రత్త నేర్చినవాడు వస్తాడు, సంజీవ వచ్చినట్టు. ఈ కాగితం చదివి కాల్చెయ్యి. దూడకు నువ్వు వచ్చాకే పేరు పెడదామని మీ యాడి ఆపింది.

చివరికి నీకేమైనా రాయాలా అని ఆమెను అడిగాను. "ఏం లేదు, ఎవరింట్ల కుండ తెరిస్తే మల్ల మూత పెట్టి రమ్మను" అంది. అక్కడ జొన్నలు ఉండవు, వాళ్ళు బియ్యం తింటారని చెప్పాను.

"బియ్యమైతే ఏంది, ఎలుకలు పడయా?" అంది.

ఇట్లు,
రొట్టెలు చల్లారకముందే ముగించి,
మీ బాపు
మంగ్యా